‘ప్యాకెట్టే సార్’

డాక్టరు అడిగింది చిన్న ప్రశ్న. “ఏం పెడుతున్నారమ్మా దీనికి?”

“ప్యాకెట్టే సార్” అన్నాను.

టేబుల్ మీద మినప మెడ వాల్చేసి కూర్చుంది. మినప మా పిల్లి. పొట్టు సగం పోయిన మినప్పప్పులా నలుపూ తెలుపూ కలిసి ఉంటుందని అమ్మ పెట్టిన పేరు. రెండు రోజులుగా నడుస్తుంటే వెనక కాళ్లు తడబడుతున్నాయి. తల ఎత్తలేకపోతోంది. గడ్డం ఛాతీకి ఆనిపోయి, బడిలో తిట్లు తిన్న పిల్లలా ఉంది. డాక్టరు కళ్లలోకి టార్చి వేసి చూశాడు. చెవులు చూశాడు. ఎక్కడి నుంచైనా పడిందా అన్నాడు. ఏ ప్యాకెట్టు, ఎన్నాళ్ల నుంచి అన్నాడు. నేను గబుక్కున ఒక ఖరీదైన పేరు చెప్పేశాను. ఆ ప్యాకెట్టు మా ఇంటికి వచ్చింది ఒకే ఒక్కసారి, అదీ చిన్నది.

“మంచిదేనే, మరి ఇదెందుకొచ్చినట్టు” అని ఆయన తనలో తాను గొణుక్కుంటూ రక్తపరీక్షలకు రాయబోతుంటే, వెనక బెంచీ మీద నుంచి మా అమ్మ లేచింది.

“యాడ ప్యాకెట్టు సార్! పొద్దునా సాయంత్రం పచ్చి నెత్తళ్లు. గిన్నెడు పెడతాది. అది తింటాది, ఇది చూసి మురిసిపోతాది.”

ఆయన పెన్ను ఆపాడు. “ఎన్ని నెలలుగా?” అన్నాడు, అమ్మ వైపు తిరిగి. అప్పటి నుంచి నన్నేమీ అడగలేదు.

బి1 విటమిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. మూడో రోజుకి మినప తలెత్తి ఫ్యాను వైపు చూసింది. వారానికి కిటికీ గట్టు ఎక్కింది. పచ్చి చేపల్లో చాలావాటిలో, అందులోనూ నెత్తళ్ల జాతి, కవళ్ల జాతి, కార్ప్ జాతి చేపల్లో, థయమినేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది బి1ని విరగ్గొట్టేస్తుంది. ఉడికిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది, పచ్చిగా పెడితే బతికే ఉంటుంది. కుక్కకంటే పిల్లికి బి1 ఎక్కువ కావాలి. అది తగ్గిందంటే ముందు తిండి మానేస్తుంది, తర్వాత తూలుతుంది, తర్వాత మెడ వాలుతుంది. ఇంకా ఆలస్యమైతే ఫిట్స్. ఇదంతా ఆయన చెప్పాడు. నేను తలూపాను. కానీ ఇందులో మొదటి ముక్క నాకు ముందే తెలుసు. అదీ అసలు సంగతి.

మూడు వారాల ముందు మినప నెత్తళ్లు తింటున్న ఫొటో తీసి, పిల్లులు పెంచేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టాను. నెల్లూరు దగ్గరి మైపాడు తీరం వైపు నుంచి వచ్చే చేపలామె అమ్మగా మిగిలిన చిన్నవి దోసెడు ఊరికే వేసి పోయేది. వాటిని చూస్తే చాలు మినప తోక నిటారుగా లేచేది. నా సంబరం నాది. పది నిమిషాల్లో ఒకావిడ రాసింది: “పచ్చి చేపతో బి1 పోతుందని తెలీదా? ఒక మంచి ప్యాకెట్టు కొనలేనివాళ్లకు పిల్లి ఎందుకండీ?” దానికింద వరసగా బొటనవేళ్లు.

మొదటి వాక్యం నా పిల్లి ప్రాణం. రెండో వాక్యం చదివాక మొదటిది నాకు కనపడలేదు. చెవులు వేడెక్కిపోయాయి. నేను ప్రైవేటు కాలేజీలో అకౌంట్స్ చూస్తాను. ఇరవయ్యో తారీకు తర్వాత నా పర్సు ఎలా ఉంటుందో ఆవిడకెలా తెలిసిందా అనిపించింది. గ్రూపులోంచి బయటికొచ్చేశాను. ఆ సాయంత్రం మినపకి ఇంకో గుప్పెడు ఎక్కువే వేశాను, ఎవరి మీదో కక్ష తీర్చుకుంటున్నట్టు.

తప్పు నాదే. ఆవిడ మీద తోసేయడానికి ఇదంతా రాయడం లేదు. కానీ మూడు వారాల తర్వాత, పిల్లి టేబుల్ మీద పడుకుని ఉంటే, దాన్ని బతికించడానికి కూర్చున్న మనిషితో నేను అబద్ధం చెప్పానే, ఆ అబద్ధం ఎక్కడి నుంచి వచ్చిందో రాయాలనుకుంటున్నాను. అది ఆ రెండో వాక్యంలోంచి వచ్చింది. ఏం పెడుతున్నారు అని ఎవరడిగినా నాకు అప్పటికి ‘నీకు కొనే స్తోమత ఉందా’ అని వినపడుతోంది. అమ్మకి ఆ రోగం లేదు కాబట్టి నిజం చెప్పింది. అమ్మ ఆ రోజు నాతో రాకపోయుంటే, ఆయన రక్తపరీక్షలు చేయించేవాడు, వెన్నెముకకు ఎక్స్‌రే తీయించేవాడు. బి1 సంగతి ఆయనకు ఎప్పటికి తట్టేదో!

మినప మా ఇంటికి వచ్చింది 2021 నవంబరులో. పెన్న పొంగి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలు కొట్టుకుపోయిన వారం. మెట్లకింద తడిసి ముద్దై వణుకుతున్న గుప్పెడు బొచ్చు. అమ్మ వెంటనే పాలు కాచి పెట్టింది. తాగింది, గంటలో ఇల్లంతా పాడు చేసింది. పిల్లికి పాలు అన్నది మన బుర్రల్లోంచి పోదు. తెనాలి రామకృష్ణుడు కాగే పాలు పెట్టి పిల్లికి పాలంటేనే భయం పుట్టించాడని చిన్నప్పటి నుంచి వింటున్నాం కదా! పాలు చూసి పారిపోయే పిల్లి అంటే లోకవిడ్డూరం మనకి. నిజానికి తల్లిపాలు మానేశాక చాలా పిల్లులకు పాలలోని చక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది. రాయలవారి పిల్లికి ఆ తెలివి ముందే వచ్చేసిందని సరిపెట్టుకోవచ్చు. ఇంకో తమాషా, పిల్లికి తీపి తెలియదు. తీపిని పట్టే జన్యువు వాటిలో పనిచేయదని 2005లో తేలింది. మనం ముద్దుగా పెట్టే కోవాబిళ్లలో దానికి తగిలేది కొవ్వు వాసనే.

అమ్మ వాదన వేరే. “అల్లూరులో మీ తాతగారింట్లో పిల్లికి ఏం పెట్టినామే? పెరుగన్నం. మిగిలితే పప్పన్నం. పన్నెండేళ్లు బతికింది. దానికెవరు ప్యాకెట్టు కొన్నారు?”

ఇది చాలా ఇళ్లలో వినపడే మాట. చాన్నాళ్లు దీనికి నా దగ్గర జవాబు లేదు. తర్వాత తాతగారి ఇల్లు గుర్తుచేసుకున్నాను. వసారాలో వడ్ల బస్తాలు. పక్కన గాదె. వెనక గడ్డివామి. ఆ పిల్లి పగలంతా గాదె కింద ఉండేది. రాత్రి కప్పు మీద దడదడ. పొద్దున గుమ్మం ముందు ఎలుక తోక ఒక్కటే మిగిలేది. మేం పెరుగన్నం మీద బతికిందనుకున్న పిల్లి ఎలుకల మీద బతికింది. పెరుగన్నం దానికి పలహారం. ఎలుకలో నూటికి డెబ్బై పాళ్లు నీళ్లు, మిగతాది మాంసం, ఎముక, కాలేయం, గుండె. పిల్లికి కావలసినవన్నీ ఒక్క తోలుసంచిలో. వేదాయపాళెంలో మూడో అంతస్తులో తలుపేసి పెంచుకునే పిల్లికి ఆ గాదె ఎక్కడిది? అదే పెరుగన్నం ఒక్కటే ఇక్కడ పెడితే పిల్లి గుడ్డిదైపోవచ్చు.

మాటవరసకి అన్నది కాదు. పిల్లి శరీరానికి టారిన్ అనే పదార్థం కావాలి. మనం దాన్ని ఒంట్లోనే తయారుచేసుకుంటాం, పిల్లి సరిపడా చేసుకోలేదు. మాంసంలో, చేపలో ఉంటుంది, గుండె కండరంలో బాగా ఉంటుంది. అన్నంలో, పప్పులో ఉండదు. 1975లో పాల ప్రోటీను ఆధారంగా చేసిన ఆహారం పెట్టిన పిల్లులకు కంటి వెనక పొర క్షీణించిందని, దానికి కారణం టారిన్ లేకపోవడమేనని శాస్త్రవేత్తలు బయటపెట్టారు. క్యారెట్ తిన్నా పిల్లి దాన్ని విటమిన్ ఎగా మార్చుకోలేదు. మాంసం తినాల్సిందే, అది దాని పుట్టుక.

ఇక్కడ మా పైవాటా పిన్నిగారి గురించి చెప్పాలి. ఆ ఇంట్లోకి కోడిగుడ్డు కూడా రాదు. కానీ మేడమెట్ల మీద ఒక గోధుమరంగు గండుపిల్లి చేరింది. మొదట పాలన్నం పెట్టారు. అది బక్కచిక్కిపోయింది. ఒకరోజు నన్ను పక్కకు పిలిచి, ఎవరైనా వింటారేమోనన్నట్టు అటూ ఇటూ చూసి, “దీనికి చేపల ప్యాకెట్టు పెట్టొచ్చునంటావా పాపా?” అన్నారు. పెట్టమన్నాను. ఇప్పుడు మేడమెట్ల మలుపులో ఒక పాత హార్లిక్స్ సీసా ఉంటుంది. మూత బిగించి ఉంటుంది. దానికి వేరే చెంచా, దారంతో సీసా మెడకే కట్టేసి ఉంటుంది, పొరపాటున వంటింట్లోకి రాకుండా. ఆవిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని, మూత తీసి, మూడు చెంచాలు వేసి, చేతులు కడుక్కుని లోపలికి వెళ్తారు. రోజూ రెండుసార్లు. చుట్టాల్లో ఒకరు “మన కొంపలో ఇదేం పని” అంటారు. నా గ్రూపులోని పెద్దమనుషులైతే ఆ సీసాలో ఉన్నది చవకరకమని అంటారు. ఇద్దరిలో ఒక్కరూ ఆ గండుపిల్లి వీపు నిమిరి చూడలేదు. ఇప్పుడు దానికి నిగనిగలాడే బొచ్చు, నడిచే తీరులో కాస్త పొగరు కూడా.

పచ్చిమాంసం పక్షం వాళ్లున్నారు. వాళ్ల నోట తరచూ వచ్చే పేరు పాటెంజర్. అమెరికాలో ఫ్రాన్సిస్ పాటెంజర్ అనే వైద్యుడు 1932 నుంచి 1942 దాకా దాదాపు 900 పిల్లుల మీద చేసిన ప్రయోగాలు. పచ్చిమాంసం తిన్నవి బాగున్నాయి, ఉడికించింది తిన్నవి తరం తరానికీ చెడిపోయాయి అన్నది సారాంశం. విని నేనూ ముందు కంగారుపడ్డాను. కానీ అప్పటికి పిల్లికి టారిన్ కావాలని ఎవరికీ తెలియదు. ఉడికించి నీళ్లు పారబోస్తే టారిన్ చాలావరకు ఆ నీళ్లతో పోతుంది. ఆయన పిల్లులు చెడిపోవడానికి అదే కారణమై ఉంటుందని ఇప్పుడు ఎక్కువమంది అనుకుంటున్నారు. నీళ్లు పారబోయకుండా ఆ రసంతోనే పెడితే సగం గొడవ తీరిపోతుంది.

పైగా పచ్చికోడి అంటే మా జిల్లావాళ్లకు ఇంకో భయం. 2024 ఫిబ్రవరిలో పొదలకూరు మండలం చాటగొట్లలో, కోవూరు మండలం గుమ్మళ్లదిబ్బలో బర్డ్ ఫ్లూ వచ్చి కోళ్లు చచ్చిపోయాయి. చికెన్ షాపులు మూయించారు. ఆ జబ్బు పిల్లులకూ సోకుతుంది, సోకితే చాలావరకు బతకవు. అదే ఏడాది డిసెంబరులో అమెరికాలోని ఓరెగాన్‌లో పచ్చిమాంసపు ప్యాకెట్ ఆహారం తిన్న ఇంటిపిల్లి ఒకటి దాంతోనే చనిపోయింది. ఉడికిస్తే ఆ వైరస్ ఉండదు. కుక్కర్ ఉన్న ఇంట్లో ఇంత చర్చ ఎందుకో నాకర్థం కాదు.

ప్యాకెట్టు పక్షం వాళ్లకూ ఒక మాట. ప్యాకెట్టు అంటే దేవుడి ప్రసాదమేం కాదు. 1987లో కాలిఫోర్నియాలోని డేవిస్‌లో పాల్ పియన్ అనే పశువైద్యుడి బృందం, గుండె ఉబ్బి చనిపోతున్న పిల్లులకు టారిన్ ఇస్తే గుండె మళ్లీ కోలుకుంటోందని చూపించింది. ఆ పిల్లులు తింటున్నది పేరున్న ప్యాకెట్లే. ఆ తర్వాతే కంపెనీలు టారిన్ పెంచాయి. 2007లో గోధుమ గ్లూటెన్‌లో మెలమైన్ కలిసి అమెరికాలో ఎన్నో కుక్కలు, పిల్లుల కిడ్నీలు పోయాయి. ఖరీదైన ప్యాకెట్లు, చవక ప్యాకెట్లు రెండూ అందులో ఉన్నాయి.

కాబట్టి నేను చూసేది ధర కాదు, వెనక చిన్న అక్షరాలు. ‘కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్’ అని ఉందా, ఏ వయసు పిల్లికి అని ఉందా. ‘కాంప్లిమెంటరీ’ అని ఉంటే అది చిరుతిండి, దాంతో కడుపు నింపకూడదు. పిల్లులు నాకి నాకి తినే ఆ గొట్టాలు చాలావరకు ఆ రకమే. ఆఫ్కో ప్రమాణాల ప్రకారం అని రాసి ఉంటుంది కొన్నిటి మీద. ఆఫ్కో అన్నది అమెరికాలో పశు ఆహార అధికారుల సంఘం. అది కొలతలు నిర్ణయిస్తుంది, ఏ ప్యాకెట్టునూ పరీక్షించి ముద్ర వేయదు. షాపువాడు “ఆఫ్కో సర్టిఫైడ్ మేడమ్” అంటే నవ్వి ఊరుకోండి.

లెక్కలు నా వృత్తి కాబట్టి ఇదీ వేసేశాను. నాలుగు కిలోల పిల్లికి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయి ఇంట్లోనే ఉండేదానికి, రోజుకి 200 నుంచి 250 కేలరీలు చాలు. పొడి గింజలు వంద గ్రాముల్లో 350 నుంచి 400 కేలరీలు ఉంటాయి. అంటే రోజుకి అరవై గ్రాములు, నెలకి రెండు కిలోల లోపే. నేను కొనే మామూలు రకం నెలకి ఎనిమిది వందలు దాటదు. అదే తడి పౌచ్‌ల మీదే పెంచాలంటే రోజుకి మూడు, నలభై అయిదు చొప్పున నెలకి నాలుగు వేల చిల్లర. తడి ఆహారం మంచిదే, నేను కాదనను. అందులో నూటికి డెబ్బై అయిదు పాళ్లు పైగా నీళ్లు, పొడి గింజల్లో పదికి మించవు. పిల్లి దాహం వేసినా పెద్దగా తాగదు. గండుపిల్లులకు మూత్రం బిగుసుకుపోయే ప్రమాదం ఎక్కువ. అందుకే నేను గింజల మీద గోరువెచ్చని నీళ్లు పోస్తాను. నాలుగు వేలు పెట్టగలిగినవాళ్లు పెట్టొచ్చు. పెట్టలేనివాళ్లు నీళ్లు పోయొచ్చు. ఈ రెండో సంగతి నాకు గ్రూపులో ఎవరూ చెప్పలేదు. నాలుగు వేల సంగతి మాత్రం అందరూ చెప్పారు.

మన భాషలో పిల్లికి కూడా బిచ్చం పెట్టడు అంటాం, పరమ పిసినారి గురించి. అంటే పిల్లికి పెట్టేది మన గొప్పతనానికి కొలత అని ఎప్పటి నుంచో అనుకుంటున్నామన్నమాట. ఇప్పుడు ఆ కొలత ప్యాకెట్టు మీద బ్రాండ్ పేరు అయింది. విదేశీ సంచి ఫొటోలో కనిపించేలా పక్కన పెట్టి పిల్లిని తీస్తారు. పిల్లి కొంచెం పక్కకి జరిగినా పర్లేదు, సంచి మాత్రం ఫ్రేములో ఉండాలి. ఆ సంచి కొనలేని మనిషి ఉడికించిన కోడిముక్క ఫొటో పెడితే జాలి, తర్వాత ఉపన్యాసం. ఆ మనిషికి అవసరమైనది చిన్న మాట: ఉట్టి కండ మాత్రమే నెలల తరబడి పెడితే కాల్షియం చాలదు, పెరిగే పిల్లకి ఎముకలు వంగిపోతాయి, రోజూ కాలేయమే పెట్టినా విటమిన్ ఎ ఎక్కువై మెడ ఎముకలు అతుక్కుపోతాయి, కాబట్టి ముక్కని తోడుగా పెట్టి ప్రధానంగా సంపూర్ణ ఆహారం ఏదైనా పెట్టు. ఇది చెప్పడానికి అర నిమిషం. పిల్లి ఎందుకు అనడానికి కూడా అంతే పడుతుంది.

అన్ని తీర్పుల్లోకీ నాకు భయం పుట్టించింది ఒకటుంది. “మొండికేస్తే పస్తు పెట్టండి, ఆకలైతే అదే దిగొస్తుంది” అన్నారొకరు, ప్యాకెట్టు మార్చేటప్పుడు. కుక్కకి చెల్లుతుందేమో. పిల్లి రెండు మూడు రోజులు తిండి మానేస్తే, అందులోనూ బొద్దుగా ఉన్నదైతే, ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది చెడిపోతుంది. చాలా పిల్లులు అలాగే పోతాయి. కొత్తది పాతదాంట్లో కొంచెం కొంచెంగా కలుపుతూ వారం పది రోజులు పట్టించాలి. మినపకైతే పద్నాలుగు రోజులు పట్టింది. మొదటి నాలుగు రోజులు పాత గింజలు ఏరుకుని తిని కొత్తవి గిన్నె బయట వరసగా పేర్చింది. అకౌంటెంటు పిల్లి మరి.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. పొద్దునా రాత్రీ తూచిన గింజలు. మధ్యాహ్నం అమ్మ కూర వండుతుంటే ఉప్పూ కారం పడకముందే తీసిన ఒక ముక్క, ఉడికించి, ముల్లు తీసి. చేపల పులుసు మాత్రం గిన్నె నాకడానికి కూడా ఇవ్వం, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పాడు చేస్తాయి. నెల్లూరులో పుట్టి చేపల పులుసు రుచి తెలియకుండా పోతుందని అమ్మకి ఇప్పటికీ బాధ. చేపలామె దోసెడు నెత్తళ్లు వేస్తూనే ఉంది. వాటిని అయిదు నిమిషాలు ఉడికించి, వారానికి ఒకసారి.

నేను మారిపోయి శాంతమూర్తినయ్యానని అనుకోకండి. పోయిన ఆదివారం చికెన్ షాపు దగ్గర నిలబడి ఉన్నాను. నా ముందు ఒక కుర్రాడు, హాస్టల్లో ఉండి చదువుకుంటున్నట్టున్నాడు. పది రూపాయల నోటు పట్టుకుని, “అన్నా, తలకాయలు, కాళ్లు ఏమన్నా ఉంటే పిల్లిపిల్లకి” అన్నాడు. షాపతను కవరు తీస్తున్నాడు. నా నోటిదాకా వచ్చేసింది, ఆ రెండో వాక్యం, అచ్చం ఆవిడ రాసినట్టే, ఎందుకు నీకు పిల్లి అని. పళ్ల మధ్య పట్టి ఆపాను.

“ఎన్ని నెలలది నాయనా?” అన్నాను.

“రెండు నెలలుంటుందక్కా.” ఫోన్ తీసి చూపించాడు. చెప్పుల పెట్టెలో పాత టవల్ మీద నల్లటిది, కళ్లు మాత్రమే కనపడుతున్నాయి.

“ఏం పెడుతున్నావు?”

చూపు తిప్పేసుకున్నాడు. కోళ్ల బోను వైపు చూస్తూ అన్నాడు, “ప్యాకెట్టే అక్కా.”

“నా పిల్లికి నేను నెలల తరబడి పచ్చి నెత్తళ్లు పెట్టాను,” అన్నాను. “మెడ వాలిపోయింది. డాక్టరు అడిగితే ప్యాకెట్టే అని అబద్ధం చెప్పాను.”

షాపతను కత్తి ఆపి నా వైపు చూశాడు. కుర్రాడు కాసేపు ఏమీ అనలేదు. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“పాలక్కా,” అన్నాడు. “పాలు, మేరీ బిస్కెట్టు.”